కొవ్వు తక్కువగా కైమా చిల్లీ: ఏ మాంసం, ఏ గింజ, ఏ పద్ధతి?

అమెరికాలో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఉన్న పిల్లలు సెలవులకు ఇంటికి వస్తున్నప్పుడు, నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు చాలా వంటగదుల్లోకి చిల్లీ అనే వంటకం కూడా వారితో పాటు వచ్చి చేరుతోంది. కైమా కొట్టిన మాంసం, ఎండుమిరప, జీలకర్ర, వెల్లుల్లి, ఉల్లిపాయ, టమాటా కలిపి చిక్కగా ఉడికించే ఈ కూర మన నాలుకకు కొత్తది కాదు; కైమా కూర తిని పెరిగిన వారికి మొదటి ముద్దలోనే అది తెలిసిన రుచి అనిపిస్తుంది. ఇబ్బంది రుచితో కాదు, కొవ్వుతో వస్తుంది. అక్కడి పద్ధతిలో, అక్కడి కొలతలతో చేస్తే ఒక్కొక్కరి గిన్నెలోకి చేరే కొవ్వు చాలా ఎక్కువ. కొలెస్టరాల్ పెరిగిందనో, గుండెకు స్టెంట్ వేశామనో, షుగరుతో పాటు బరువు కూడా తగ్గాలనో వైద్యులు చెప్పిన పెద్దవాళ్లు అదే ఇంట్లో, అదే కూరతో భోజనానికి కూర్చుంటున్నప్పుడు, ఏ మాంసం తేవాలి, అందులో ఏ గింజ కలపాలి, కరిగిన కొవ్వును ఎప్పుడు తీసివేయాలి అన్నవి ముందుగా ఆలోచించుకోవలసిన విషయాలు.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. ఈ వంటకంలో కొవ్వు ఎంత ఉండబోతుందన్నది పొయ్యి వెలిగించక ముందే, మాంసం అంగడి దగ్గర చాలావరకు తేలిపోతుంది. ఆ తరువాత దాన్ని పెంచేవి నూనె డబ్బా, పైన చల్లుకునే చీజు. ఉడుకుతున్న కూర మీద తేలిన జిడ్డును గరిటెతో తీసివేయడం మంచి అలవాటే అయినా, మాంసం కొనేటప్పుడు శ్రద్ధ పెట్టినవారికి ఆ గరిటెతో పెద్దగా పని పడదు.

లెక్క చూస్తే ఈ మాట ఎందుకు అంటున్నానో తెలుస్తుంది. అమెరికాలో అమ్మే బీఫ్ కైమా పొట్లం మీద మాంసం వంతు, కొవ్వు వంతు అంకెల్లో రాసి ఉంటాయి. 80/20 అంటే నూటికి ఇరవై వంతులు కొవ్వు, 90/10 అంటే పది వంతులు, 95/5 అంటే ఐదు వంతులు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 80/20 రకం పచ్చి కైమా 100 గ్రాములలో సుమారు 254 కిలో క్యాలరీలు, 20 గ్రాముల కొవ్వు, 17 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి; 95/5 రకంలో క్యాలరీలు దాదాపు సగానికి పడిపోయి, మాంసకృత్తులు 21 గ్రాములకు పెరుగుతాయి. ఆరుగురికి సరిపడే చిల్లీకి 80/20 కైమా ముప్పావు కిలో వేసి, మూడు పెద్ద చెంచాల నూనె పోసి, వడ్డించేటప్పుడు తలా 30 గ్రాముల చెడ్డార్ చీజు చల్లితే, మాంసం నుంచి 25, నూనె నుంచి 7, చీజు నుంచి 10, వెరసి మనిషికి సుమారు 42 గ్రాముల కొవ్వు అవుతుంది. గ్రాముకు 9 కిలో క్యాలరీల చొప్పున ఆ కొవ్వు ఒక్కటే దాదాపు 380 కిలో క్యాలరీలు. ఆ ఆరుగురికే కొవ్వు తీసిన మాంసం 375 గ్రాములు, ఎండు అలసందలు 200 గ్రాములు, నూనె ఒక్క పెద్ద చెంచా వాడి, చీజు లేకుండా చేస్తే, మనిషికి వచ్చే కొవ్వు 6 గ్రాముల దగ్గర ఆగుతుంది. మాంసం సగానికి తగ్గించాం కదా, బలం తగ్గిపోదా అని అడిగేవారు ఉంటారు. చీజులో ఉండేవి పక్కన పెడితే, మాంసకృత్తులు రెండు పద్ధతుల్లోనూ మనిషికి 21 గ్రాముల దగ్గరే నిలుస్తాయి. కొవ్వు స్థానంలో కండ, మిగతా చోట గింజ చేరడం వల్ల ఏమీ లోటు పడదు.

ఇందులో గుండెకు సంబంధించిన అసలు సంగతి సంతృప్త కొవ్వుది, అంటే మాంసం, నెయ్యి, చీజు వంటివాటిలో ఎక్కువగా ఉండి కొలెస్టరాల్‌ను పెంచే రకం కొవ్వుది. రోజు మొత్తం మీద మనం తీసుకునే శక్తిలో సంతృప్త కొవ్వు నుంచి వచ్చేది 10 శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు 2000 కిలో క్యాలరీలు తినేవారికి అది 22 గ్రాములు. పైన చెప్పిన మొదటి పద్ధతిలో చేసిన చిల్లీ ఒక్క గిన్నెలో, మాంసం, చీజు కలిపి 15 గ్రాముల దాకా సంతృప్త కొవ్వు ఉంటుంది. ఉదయం తిన్న నెయ్యి దోశ, రాత్రి తాగే పాలు ఇంకా లెక్కలోకి రానే లేదు.

చిల్లీ నుంచి కొవ్వు తగ్గించాలన్న ఆలోచన ఇవాళ్టిది కాదు. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన టెక్సస్ మనిషి లిండన్ జాన్సన్‌కు 1955లో గుండెపోటు వచ్చింది. అప్పట్లో టెక్సస్ చిల్లీలో బీఫ్‌తో పాటు విడిగా పశువు కొవ్వు కూడా వేసేవారు. వైద్యుల సలహా మీద ఆయన ఇంటి వంటలో ఆ కొవ్వు మానేశారు. ఆయనకు బీఫ్ కన్నా కొవ్వు తక్కువగా ఉండే జింక మాంసంతో చేసిన చిల్లీ ఇష్టం. ఆ వంట విధానం కోసం శ్వేతసౌధానికి వేల ఉత్తరాలు రావడంతో ఆయన భార్య లేడీ బర్డ్ దాన్ని కార్డుల మీద అచ్చు వేయించి పంపించారు. ఆ వంటింట్లో చేసిన మార్పులు రెండే: అదనపు కొవ్వు మానడం, కొవ్వు తక్కువ మాంసం ఎంచుకోవడం. ఆ రెండూ నెల్లూరులో కూడా అంతే సులువుగా చేయవచ్చు.

మాంసం: ఏది తేవాలి

చిల్లీకి మూలం బీఫ్ కాబట్టి ముందు దాని సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో అమల్లో ఉన్న 1977 నాటి చట్టం ఆవులను, దూడలను వధించడాన్ని నిషేధిస్తుంది. పెద్దకూర తినే ఇళ్లకు ఇక్కడ సాధారణంగా దొరికేది గేదె, దున్నపోతు మాంసం. తినే అలవాటు ఉన్నవారికి ఈ విషయంలో ఇది మంచి ఎంపిక. గేదె మాంసంలో కండ మధ్య కొవ్వు చారలు తక్కువ. పైన అంటుకున్న కొవ్వు తీసివేస్తే 100 గ్రాముల కండలో మిగిలేది ఒకటి రెండు గ్రాములే, మాంసకృత్తులు 20 గ్రాముల దాకా ఉంటాయి. ముదురు పశువు మాంసం గట్టిగా ఉంటుందన్నది నిజమే కానీ, కైమా కొట్టించి నిదానంగా గంటన్నర ఉడికించే చిల్లీలో ఆ గట్టిదనం అడ్డు కాదు.

కండలో కొవ్వు ఎంత పేరుకుంటుందన్నది చాలావరకు పశువు జాతిని బట్టి, మేతను బట్టి ఉంటుంది. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో అధిక భాగం నెలోరె అనే జాతివి. ఆ పేరు మన నెల్లూరిది, ఆ జాతి మన ఒంగోలు పశువులది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ తీరం నుంచి ఓడల మీద అక్కడికి వెళ్లిన పశువుల సంతతి అది. వాటి మాంసంలో కొవ్వు చారలు తక్కువగా ఉంటాయని మాంసం వ్యాపారంలో ఉన్నవారందరికీ తెలుసు. అమెరికాలో మొక్కజొన్న మేపి బలిపించిన పశువు మాంసం దీనికి భిన్నం. అందువల్ల అక్కడి వంట విధానంలో రాసిన కొలతలు, కొవ్వు అంకెలు మన అంగడి మాంసానికి యథాతథంగా వర్తించవు. ఇక్కడ పొట్లం మీద అంకె ఉండదు కనుక, చూసి కొనుక్కోవలసిందే.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కువ ఇళ్లు కొనేది వేటమాంసం, అంటే గొర్రె, మేక మాంసం, కనుక దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా పొడుగైన గొర్రె జాతిగా పేరు పొందింది. ఒంటి మీద ఉన్ని దాదాపు ఉండదు, పెంపకం అంతా మాంసం కోసమే. ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు బీడుల్లో తిరిగి మేసిన పొట్టేలుకూ, కట్టేసి దాణా పెట్టి బలిపించిన పొట్టేలుకూ కొవ్వులో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయినా గొర్రెలో కొవ్వు డొక్క దగ్గర, నడుము దగ్గర, మూత్రపిండాల చుట్టూ దట్టంగా ఉంటుంది, తొడలో తక్కువ. మేక మాంసంలో ఇంకా తక్కువ. పైన ఉన్న కొవ్వు తీసిన మేక కండలో 100 గ్రాములకు కొవ్వు రెండు మూడు గ్రాములే ఉంటుంది, ఎందుకంటే మేక తన కొవ్వును కండ లోపల కన్నా కడుపు భాగంలో దాచుకుంటుంది.

కాబట్టి అసలు చూడవలసింది గొర్రెనా మేకనా అన్న దానికన్నా, ఏ భాగం నుంచి కైమా కొట్టారు అన్నది. అంగట్లో ముందే కొట్టి పళ్లెంలో పెట్టిన కైమా కొనవద్దు అన్నది నా గట్టి సలహా. అందులో డొక్క ముక్కలు, కోసేటప్పుడు మిగిలిన తునకలు, కొవ్వు, పొర అన్నీ కలిసి ఉండే అవకాశం ఉంది. ఒకసారి యంత్రంలో తిరిగి బయటికి వచ్చాక ఏది ఏమిటో విడదీయలేం. తొడ భాగం నుంచి ఎముక తీసిన మెత్తటి ముక్క అడిగి, చేతిలోకి తీసుకుని చూసి, తెల్లగా కనిపించే కొవ్వు, పైన ఉండే వెండి రంగు పొర తీయించి, ఆ తరువాత మన ముందే కొట్టించుకోవాలి. ఆదివారం పొద్దున జనం తోసుకుంటున్నప్పుడు ఈ మాట చెబితే అంగడివాళ్లు విసుక్కుంటారు. ఏడు గంటల లోపు వెళితే, లేదా ముందు రోజే చెప్పి ఉంచితే ఓపికగా చేసి పెడతారు. యంత్రం వాడితే అంతకు ముందు అందులో మిగిలిన కొవ్వు కైమా కూడా మన దానిలో కలుస్తుంది. అందుకే మొద్దు మీద కత్తితో కొట్టించుకోవడమే మేలు. చిల్లీకి కొంచెం పెద్ద తునకలుగా ఉన్న కైమానే బాగుంటుంది కూడా.

మంచి కైమాను గుర్తుపట్టడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. చిటికెడు తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య నలపండి. కండ ఎక్కువగా ఉన్న కైమా ముదురు ఎరుపుగా, పీచుపీచుగా విడిపోయి, వేళ్లను తడిగా మాత్రమే వదులుతుంది. కొవ్వు ఎక్కువగా ఉన్నది లేత గులాబీ రంగులో ఉండి, వేళ్ల మధ్య వెన్నలా పూతపడి, చల్లటి నీళ్లతో కడిగినా వదలదు. అలా అంటుకుంటే ఆ పొట్లం వెనక్కి ఇచ్చేయడానికి మొహమాటపడవద్దు. వేటమాంసం ధర కోడి మాంసానికి మూడు నాలుగు రెట్లు. ఆ ధరకు కొవ్వు కొనవలసిన పని లేదు.

కోడి కైమా చౌక, తొందరగా ఉడుకుతుంది. తోలు లేని రొమ్ము మాంసంలో 100 గ్రాములకు కొవ్వు రెండున్నర గ్రాముల దగ్గర, తొడ మాంసంలో నాలుగు గ్రాముల దగ్గర ఉంటుంది. కోడి తోలులో మాత్రం ముప్పై గ్రాములు దాటుతుంది. తోలుతో సహా కొట్టిన కోడి కైమా కొని, కోడి కదా, తేలిక కదా అని నిశ్చింతగా ఉండడం పొరపాటు. ఇకపోతే రొమ్ము మాంసం మాత్రమే వాడితే కూర పొడిపొడిగా, ఉండలు కట్టి, రుచి చప్పగా ఉంటుంది. రొమ్ము సగం, తొడ సగం కలిపి కొట్టించి, సన్నగా తరిగిన పుట్టగొడుగులు గుప్పెడు వేస్తే ఆ లోటు కొంత తీరుతుంది. కోడి కైమా గురించి ఒక అభ్యంతరం మాత్రం ఉంది. ఎర్ర మాంసంలో ఉన్నంత ఇనుము, బి12 విటమిన్ ఇందులో ఉండవు. రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు, బాలింతలకు చేసేటప్పుడు కొవ్వు తీసిన వేటమాంసమో గేదె మాంసమో మేలు.

మాంసం తినని రోజుల్లో, లేదా ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు మీల్‌మేకర్ ఉంది. నూనె తీసిన సోయా పిండితో చేసేది కాబట్టి ఎండు మీల్‌మేకర్‌లో సగం బరువు మాంసకృత్తులే, కొవ్వు నామమాత్రం. మొత్తం దానితోనే చేస్తే కూర స్పాంజి నమిలినట్టు ఉంటుందని చాలామంది అంటారు, నేనూ ఒప్పుకుంటాను. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, మాంసంలో మూడో వంతు స్థానంలో కలిపితే మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. పిండకుండా వేస్తే సోయా వాసన కూర అంతా పట్టేస్తుంది.

గింజలు: వేయాలా, వేస్తే ఏవి

టెక్సస్ రాష్ట్రం 1977లో చిల్లీని తన అధికారిక వంటకంగా ప్రకటించుకుంది, ఆ ప్రాంతపు పట్టుదల ప్రకారం అసలైన చిల్లీలో గింజలు ఉండకూడదు. అక్కడి టెర్లింగువా ఊళ్లో ఏటా జరిగే చిల్లీ పోటీల్లో గింజలు వేసిన కూరను అనుమతించరు. మిగతా అమెరికాలో రాజ్మా వేయడం సర్వసాధారణం. కొవ్వు తగ్గించడమే మన ఉద్దేశం కనుక, ఈ వాదంలో నేను నిస్సంకోచంగా గింజల పక్షమే. మాంసం తగ్గించినా గిన్నె నిండుగా, కడుపు నిండుగా ఉండేలా చేసేది అవే. మాంసంలో బొత్తిగా లేని పీచు పదార్థం వచ్చేదీ వాటి నుంచే.

రాజ్మా, అలసందలు, శనగలు ఈ మూడింటిలో ఎంచుకోమంటే నేను అలసందలు అంటాను. ఉడికిన అలసందల్లో 100 గ్రాములకు సుమారు ఏడున్నర గ్రాముల మాంసకృత్తులు, అర గ్రాము కొవ్వు, ఆరు గ్రాములకు పైగా పీచు ఉంటాయి. రాజ్మా కూడా దాదాపు ఇంతే. అయితే అలసందలు ఇక్కడి మెట్ట చేలల్లో పండేవి, ప్రతి చిల్లర కొట్లో దొరికేవి, రెండు గంటలు నానినా చాలు, కుక్కర్లో మూడు నాలుగు కూతలకు మెత్తబడతాయి. మట్టి వాసన కలిసిన వాటి రుచి వేటమాంసంతో రాజ్మా కన్నా బాగా కలుస్తుందని నా నమ్మకం. శనగలు ప్రకాశం జిల్లా నల్లరేగడి నేలల్లో విస్తారంగా పండుతాయి, రుచికి లోటు లేదు. కొవ్వు మాత్రం మిగతా రెండింటికన్నా కొంచెం ఎక్కువ, ఉడికినవాటిలో 100 గ్రాములకు రెండున్నర గ్రాములు. పైగా చిల్లీ చిక్కదనంలో కలిసిపోకుండా విడివిడిగా నిలుస్తాయి.

రాజ్మాయే కావాలనుకునేవారు ఒక జాగ్రత్త తప్పక పాటించాలి. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే పదార్థం సరిగా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు తెస్తుంది. కనీసం ఐదు గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్లో పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించాలి. విదేశాల నుంచి తెచ్చిన, తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్‌లో నానిన గింజలను నేరుగా వేయడం ప్రమాదకరం. ఆ వేడి లెక్టిన్‌ను విరగ్గొట్టడానికి సరిపోదు. ఏ గింజ అయినా విడిగా ఉడికించాకే టమాటాలో వేయాలి, ఎందుకంటే పులుపు తగిలిన గింజ ఎంతసేపు ఉడికించినా మెత్తబడడానికి మొండికేస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం గింజలు, టమాటా రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ కనుక, వారి విషయంలో వైద్యుణ్ణి అడిగాకే ఈ మార్పు చేయాలి.

కొవ్వు తీయడం: ఎప్పుడు, ఎలా

ఇక్కడ మూడు పద్ధతులు ఉన్నాయి. కైమాను ముందుగా వేయించి, కరిగిన కొవ్వును వంచేయడం ఒకటి. కూర ఉడుకుతున్నప్పుడు పైన తేలినదాన్ని గరిటెతో తీయడం రెండోది. ఉడికిన కూరను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, గడ్డకట్టిన కొవ్వును పొద్దున తీసివేయడం మూడోది.

వీటిలో మొదటిదాన్నే నేను ముందు పెడతాను, దానికి కారణం మిరప. ఎండుమిరప రంగు, సువాసన నీళ్లలో కన్నా కొవ్వులో బాగా కరుగుతాయి. కారం, జీలకర్ర వేశాక పైన తేలే ఎర్రటి నూనెలో ఆ మసాలా సారం చాలా ఉంటుంది. దాన్ని గరిటెతో తీసివేస్తే కొవ్వుతో పాటు రుచినీ పారబోసినట్టే. అలా కాకుండా, అడుగు మందంగా ఉన్న మూకుడులో నూనె వేయకుండానే కైమా వేసి, ఉండలు కట్టకుండా గరిటెతో విడగొడుతూ నీరు ఇగిరి రంగు మారేదాకా వేయించి, చిల్లుల గిన్నెలోకి వంచితే కొవ్వు అప్పుడే కిందికి దిగిపోతుంది. ఆ తరువాత అదే మూకుడులో ఒక్క పెద్ద చెంచా వేరుశనగ నూనె వేసి, ఉల్లిపాయ, వెల్లుల్లి మగ్గించి, సన్నని సెగ మీద జీలకర్ర పొడి, కారం వేసి, మాడకముందే టమాటా వేయాలి. మసాలా రుచిని పట్టుకోవడానికి ఆ చెంచాడు నూనె చాలు. వంచిన కైమాను వేడినీళ్లతో కడిగితే ఇంకా కొవ్వు పోతుందని కొందరు చెబుతారు. పోతుంది, కానీ మాంసం రుచి కూడా పోతుంది. తొడ మాంసం ఎంచుకుని తెచ్చుకున్నవారికి ఆ అవసరం రాదు.

ఫ్రిజ్ పద్ధతి వేటమాంసానికి, పెద్దకూరకు బాగా పనిచేస్తుంది. ఈ కొవ్వులు చల్లబడగానే గట్టిపడతాయి. పొద్దున మూత తీస్తే గిన్నె మీద నారింజ రంగు ఛాయతో తెల్లటి బిళ్ల పరుచుకుని ఉంటుంది, చెంచా అంచుతో లేపితే పెచ్చుగా ఊడి వస్తుంది. కోడి కొవ్వు అంత గట్టిపడదు కాబట్టి అలా పెచ్చుగా రాదు. ఈ పద్ధతికి ఒక అదనపు లాభం ఉంది: చిల్లీ మరుసటి రోజుకు ఊరి మరింత రుచిగా ఉంటుంది. రుచి కొంత పోతుందన్న మాట దీనికీ వర్తిస్తుంది, కానీ బిళ్లతో పోయే కొవ్వుతో పోలిస్తే పెద్దవాళ్ల కోసం ఆ నష్టం భరించవచ్చు.

నూనె గురించి ఒక మాట. మాంసం కొవ్వు తీసి, ఆ స్థానంలో పామాయిల్ పోస్తే చేసిన శ్రమ అంతా వృథా. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. వేరుశనగ నూనెలో ఐదో వంతు మించదు. అలాగే చిక్కదనం కోసం మన కైమా కూర అలవాటు మీద జీడిపప్పు, గసగసాలు, ఎండు కొబ్బరి నూరి వేయడం ఇక్కడ మానుకోవాలి. ఎండు కొబ్బరిలో అరవై శాతానికి పైగా, జీడిపప్పు, గసగసాల్లో నలభై శాతానికి పైగా కొవ్వే ఉంటుంది. చిక్కదనం కావాలంటే ఉడికిన అలసందల్లో పిడికెడు మెదిపి కలిపితే సరిపోతుంది.

కారం, ఉప్పు, వడ్డన

అమెరికా వంట విధానంలో రెండు మూడు పెద్ద చెంచాల చిల్లీ పౌడర్ అని ఉంటే, అన్ని చెంచాల మన కారం వేయకూడదు. వాళ్లు ఆ పేరుతో అమ్మే సీసాలో తక్కువ కారం ఉన్న మిరప పొడితో పాటు జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఒరెగానో అనే ఎండు ఆకు, చాలాసార్లు ఉప్పు కూడా కలిసి ఉంటాయి. ఇక్కడ బ్యాడిగి మిరప పొడి రెండు పెద్ద చెంచాలు, మన కారం ఒక చిన్న చెంచా, వేయించి పొడి చేసిన జీలకర్ర ఒక పెద్ద చెంచా కలిపితే ఆరుగురికి రంగు, చిక్కదనం, కారం సమంగా కుదురుతాయి. బజారులో దొరికే తయారు మసాలా పొట్లాల్లో ఉప్పు ఎక్కువ. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్న హద్దు రక్తపోటు ఉన్నవారికి గుర్తుండాలి. ఉప్పు చివర్లో వేసి, దించాక నిమ్మకాయ పిండితే తక్కువ ఉప్పుతోనే రుచి నిలబడుతుంది, గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు తోడ్పడుతుంది.

చెడ్డార్ చీజులో మూడో వంతు, వాళ్లు పైన వేసుకునే సోర్ క్రీమ్‌లో (పులియబెట్టిన మీగడలో) ఐదో వంతు కొవ్వు ఉంటాయి. వెన్న తీసిన పాలతో తోడుపెట్టి, గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగు ఆ రెండింటి స్థానంలో చక్కగా సరిపోతుంది. పక్కన మొక్కజొన్న రొట్టె బదులు సజ్జ రొట్టె, జొన్న రొట్టె, లేదా రాగి సంగటి; అన్నమే కావాలనేవారికి అన్నం కొంచెం, కూర ఎక్కువ.

ఇంట్లో ఒక్కొక్కరి అవసరం ఒక్కోలా ఉన్నప్పుడు ఏది ఎంచుకోవాలన్నదానికి నా జవాబు ఇది. గుండె జబ్బు లేదా కొలెస్టరాల్ ఉన్నవారికి తోలు తీసిన కోడి, లేదా కొవ్వు తీసిన గేదె మాంసం, అలసందలు సగానికి సగం. వేట రుచి వదులుకోలేని వారికి తొడ భాగం మేక కైమా, అలసందలు, ముందు వంచి, తరువాత ఫ్రిజ్‌లో పెట్టి తీసిన కూర. రక్తహీనత ఉన్నవారికి వేటమాంసం వంతు కొంచెం పెంచవచ్చు. ఎదిగే పిల్లలకు, అమెరికా నుంచి వచ్చిన కుర్రవాడికి చీజు కావాలంటే, కూరలో కలపకుండా వాళ్ల గిన్నెల్లోనే విడిగా వేయండి. మొత్తం కూర మార్చవలసిన పని ఉండదు. కైమా ఏదైనా లోపల ఎర్రదనం లేకుండా పూర్తిగా ఉడకాలి, కొట్టిన రోజే వండాలి. వండాక వేడి తగ్గగానే, రెండు గంటల లోపు, వెడల్పు గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజుల దాకా నిల్వ ఉంటుంది. తినబోయేంత మాత్రమే విడిగా తీసుకుని, బుడగలు వచ్చేదాకా మరిగించి వడ్డించాలి.